పదునాఱేండ్ల ప్రాయము - ఉపాధ్యాయుల ధర్మము

(వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. ఇట్టి సభలలో విద్యాభివృద్ధి యనగా ఎందఱు వైద్యులైరి, ఎందఱు ఇంజనీర్లైరి, ఎందఱు విదేశములకేగిరి యని లెక్క చెప్పుట వాడుక. ఆ లెక్క సంతోషదాయకమే. కాని ఆ లెక్కలోనికి రాకుండ నడుమనే రాలిపోయిన బిడ్డలును ఉన్నారు. పరీక్షాఫలితములు వెలువడిన దినముననో, సెలవులు ముగిసి వసతిగృహమునకు మరలిపోవలసిన దినముననో తమ ప్రాణములు తామే విడిచిన పిల్లలను గూర్చి సభలో మాటలాడుటకు ఎవ్వరికిని మనసొప్పదు. అమంగళమని మౌనము వహింతుము. ఆ మౌనమువలన ఒక్క బిడ్డయు బ్రదుకలేదు. కావున నేడు ఆ విషయమునే మీ ముందుంచ దలచితిమి. పిల్లల ప్రాణరక్షణమునందు ఉపాధ్యాయుడు చేయగలిగినదేమి, అతనివలన కానిదేమి, అందులకు సంఘము చేయవలసినదేమి అను మూడును మా యుపన్యాసమునకు విషయములు.

మనము భావనాఋషి సంతతివారమని చెప్పుకొందుము. భావనాఋషి మార్కండేయ మహర్షి కుమారుడని మన కులసంప్రదాయము. మార్కండేయుని కథ మన యిండ్ల పసిపిల్లలకు సైతము తెలిసినదే. మృకండుడు సంతానార్థియై తపము చేయగా శివుడు ప్రత్యక్షమై, మందబుద్ధియగు దీర్ఘాయుష్మంతుడు కావలెనా, మేధావియగు అల్పాయుష్కుడు కావలెనా యని యడిగెను. ఆ తండ్రి మేధావినే కోరుకొనెను. పదునాఱేండ్లు నిండునప్పటికి యముడు పాశముతో రాగా, బాలుడు శివలింగమును కౌగలించుకొని విడువకుండెను. మృత్యువు వెనుదిరిగెను.

ఈ కథను భక్తిమహిమకు నిదర్శనముగా చెప్పుట పరిపాటి. బడిపంతులుగ జీవితము గడపిన మాకు ఇందులో మఱియొక విషయము తోచుచున్నది. మృకండునకు రెండింటిలో నొకటి మాత్రమే యను నియమముండెను. మనకు అట్టి నియమ మేదియు లేదు. బిడ్డయు బ్రదుకవచ్చును, చదువును రావచ్చును. అయినను మన యిండ్లలోను బడులలోను తెల్లవాఱినది మొదలు ఆ పాత ప్రశ్ననే పిల్లల చెవిని వేయుచున్నాము. మార్కులు రాని బ్రదుకును ఒక బ్రదుకేనా యని తండ్రి విసుగుతో ననును. మా పేరు నిలువున ముంచితివని తల్లి కంట తడిపెట్టును. నీవలన బడికి చెడ్డపేరు వచ్చెనని పంతులనును. పెద్దలు మఱునిమిషమున మఱచిపోవుదురు. పిల్లవాడు దానిని శాసనముగా గ్రహించును. పదునాఱేండ్లనగా నేటి లెక్కలో పదవతరగతి ముగించి ఇంటర్మీడియెటులో చేరు ప్రాయము. మన కులపురుషుని ప్రాణము ఏ వయస్సున దక్కినదో, ఆ వయస్సుననే మన పిల్లలు నేడు ఆపదలో నున్నారు.

ఇది మాటవరుసకు చెప్పుచున్నది కాదు. కేంద్రప్రభుత్వపు నేర గణాంకసంస్థవారు ప్రకటించిన లెక్క ప్రకారము 2022వ సంవత్సరమున భారతదేశమునందు 1,70,924 మంది ఆత్మహత్యవలన మరణించిరి. వారిలో 13,044 మంది విద్యార్థులు. అనగా సగటున దినమునకు ముప్పదియైదుగురికి పైగా. ప్రపంచమంతటను 15 మొదలు 29 ఏండ్ల లోపలివారి మరణకారణములలో ఇది మూడవదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఇది ఒక్క కులమునకో, ఒక్క మండలమునకో పరిమితమైన బాధ కాదు. అయినను ఎవరి యిల్లు వారు చక్కబెట్టుకొనుటకే సంఘము లేర్పడినవి గదా.

మన రాష్ట్రమున 2019వ సంవత్సరమున జరిగినది మీలో పలువురికి జ్ఞాపకముండును. ఆ యేడు ఏప్రిల్ 18వ తేదీన తెలంగాణ ఇంటర్మీడియెటు ఫలితములు వెలువడెను. పరీక్ష వ్రాసినవారు తొమ్మిది లక్షలకు పైబడిరి. తప్పినవారు మూడు లక్షలకు పైబడిరి. కొలది దినములలోపలనే ఇరువదిమంది దాక విద్యార్థులు ప్రాణములు విడిచిరని పత్రికలు ప్రకటించెను. ఫలితములలో తప్పులు దొరలినవని రాష్ట్రమంతట ఆందోళనము చెలరేగెను. తెలుగున సున్న మార్కులు వచ్చినట్లు చూపబడిన యొక బాలికకు తిరిగి చూడగా 99 మార్కులు తేలినవి. ప్రభుత్వము ముగ్గురు సభ్యులతో విచారణసంఘమును నియమించి, తప్పినవారందఱి పత్రములను రుసుము లేకుండ పునఃపరిశీలనము చేయించెను. వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి.

దీనినుండి మనము నేర్వవలసినవి రెండు గలవు. మార్కుల కాగితము మనుష్యులు వ్రాసినది, అందు తప్పుండవచ్చును. ఇది మొదటిది. రెండవది అంతకన్న ముఖ్యము. ఆ కాగితము ముమ్మాటికి సరియైనదే యనుకొందము. అప్పుడును అది ఒక పరీక్షను గూర్చి మాత్రమే చెప్పును. ఆ మూడు లక్షల పిల్లలలో మిక్కిలి యెక్కువమంది ఏడ్చిరి, తేఱుకొనిరి, మరల వ్రాసిరి. తప్పినవాడు మరణించుట సహజమను భావము మన మాటలలో నెక్కడను ధ్వనింపరాదు. పరీక్ష ఒక్కటియే మరణమునకు కారణమనుటయు సరికాదు. మనోవ్యాధి, ఇంటి కలహము, అప్పులు, అవమానము, ఒంటరితనము, ప్రేమవైఫల్యము, ఇట్టివి పలు పోగులు చిక్కుపడి యుండగా పరీక్ష చివరి లాగుడు కావచ్చును. కావున ఫలితముల దినము మాత్రమే జాగరూకత వహించిన చాలదు. ఏడాది పొడుగున పిల్లవాని ముఖము చూచుచుండవలెను.

చూచుట కెవరున్నారని ప్రశ్న. మన మూడు పట్టణముల ఇండ్లను తలచుకొనుడు. జగిత్యాల ప్రాంతమున ఎన్నియో యిండ్లలో తండ్రి దుబాయిలోనో, మస్కటులోనో, సౌదీలోనో కూలిపని చేయుచుండును. రెండేండ్లకో మూడేండ్లకో ఒకమాఱు వచ్చును; తక్కిన దినములలో టెలిఫోనులో వినవచ్చు గొంతు మాత్రమే పిల్లవానికి తండ్రి. ఆ గొంతు తొలుత అడుగు ప్రశ్న, ఎట్లు చదువుచున్నావని. కోరుట్లలో తల్లి ఒడిలో చాట పెట్టుకొని ప్రొద్దుగూకుదాక బీడీలు చుట్టుచుండును. కట్టల లెక్క తప్పిన కూలి తప్పును గనుక తల యెత్తి బిడ్డ ముఖము చూచుటకు ఆమెకు తీరిక లేదు. సిరిసిల్లలో తండ్రి రాత్రంతయు సాంచాలకడ నిలిచి, తెల్లవాఱి వచ్చి, పిల్లలు బడికి పోవు వేళకు నిద్రించును. గిరాకి తగ్గి సాంచాలాగిన నాడు ఇంట నిద్రయే యుండదు. ఆ పట్టణమున నేతకార్మికులు అప్పుల బాధకు ప్రాణములు తీసికొన్న చేదు కాలము మనమెఱుగనిది కాదు. ఆ యిండ్ల పిల్లలు ఆ మాటలు వినుచు పెరిగిరి.

ఈ తల్లిదండ్రులకు బిడ్డలయందు ప్రేమ లేదని మేమనుట లేదు. ప్రేమ యుండుటచేతనే గదా ఎడారికేగుటయు, వ్రేళ్లు కాయలు కాయునట్లు బీడీలు చుట్టుటయు. వారికి లేనిది పగటివేళ బిడ్డను చూచు అవకాశము. ఆ అవకాశము దినమునకు ఆఱేడు గంటలు గలవాడు ఉపాధ్యాయుడొక్కడే. పూర్వము ఉపనయనకాలమున ఆచార్యుడు శిష్యుని హృదయస్థానమున చేయి యుంచు విధి గృహ్యసూత్రములలో గలదు. వాని మనస్సు తనకు తెలియవలెనను సంకల్పము దానికి మూలము. విధి పోయినను సంకల్పము పోరాదు.

ఇక ఉపాధ్యాయుడు కనిపెట్టవలసిన గుర్తులెట్టివి? వైద్యశాస్త్రమువారు చెప్పునవి పెక్కు గలవు. బడిలో కంటబడునవి కొన్ని చెప్పెదము. కలుపుగోలుగా నుండిన పిల్లవాడు మూలకు ఒదుగుట, ఆటలయందు ఇష్టము పోవుట, కారణము లేకుండ బడి మానుట, తరగతిలో నిద్రించుట, లేక రాత్రులు నిద్ర లేదని చెప్పుట, తిండి మానుట, ఉన్నట్టుండి మార్కులు పడిపోవుట, స్నానము, బట్టలు, జుట్టు విషయమున నిర్లక్ష్యము, చిన్నమాటకే మండిపడుట, తనకు ప్రియమైన కలమును, గడియారమును, పుస్తకములను పంచిపెట్టుట, నోటుపుస్తకపు చివరిపుటలలో మరణమును గూర్చి వ్రాసికొనుట, నేను లేకుండిన ఇంట అందఱికిని భారము తగ్గునని నవ్వుచు ననుట. ఈ చివరిమాటను పరిహాసముగా తీసికొనరాదు. నెలలతరబడి దుఃఖించిన పిల్లవాడు ఒక్కసారిగా నిశ్చింతగా కనబడినను ఏమఱియుండరాదు. పూర్వము ఒకమాఱు ప్రాణము తీసికొన యత్నించినవానిపట్ల ఎక్కువ శ్రద్ధ వహింపవలెను. ఒక గుర్తు కనబడగనే భయపడ నక్కఱలేదు. రెండు మూడు కలసి వచ్చి, మార్పు నిలిచియుండెనేని పలుకరింపక యుండరాదు.

ఎట్లు పలుకరింపవలెను? నలుగురియెదుట గాదు. తరగతి ముగిసినపిదప, వరండాలోనో, చెట్టుక్రిందనో, తొందర లేని వేళ కూర్చుండబెట్టుకొని అడుగవలెను. గ్రంథభాష అందులకు పనికిరాదు; ఇంటిభాషలోనే అడుగవలెను. "ఏమైంది బిడ్డా? నాలుగు రోజుల సంది నువ్వు నువ్వు లెక్క లేవు. నాతోని చెప్పు, నేను తిట్ట" అనుట చాలును. పిమ్మట మనము ఊరకుండవలెను. పంతుళ్లకు ఇదియే కష్టము. మాటలాడుట మన వృత్తి గదా. పిల్లవాడు రెండు నిమిషములు పలుకకుండిన ఆ రెండు నిమిషములు ఓర్చుకొనవలెను. వాడు చెప్పుచున్నపుడు నీకేమి తక్కువ యనియు, మా కాలమున మేమింతకన్న కష్టపడితిమనియు, నీ తల్లిదండ్రులను చూచి బుద్ధితెచ్చుకొమ్మనియు అనరాదు. అవి మనకు ఓదార్పులు. వానికి తలుపు మూసిన చప్పుళ్లు.

అనుమానము గట్టిపడినచో సూటిగా అడుగవలెను. "సచ్చిపోవాలని అనిపిస్తుందా, బిడ్డా?" అని అడుగుటకు పెద్దలు జంకుదురు. అడిగిన లేని తలంపు పుట్టునేమో యని భయము. ఈ భయము నిరాధారమని మానసిక వైద్యులు పరిశోధించి తేల్చిరి. అడుగుటవలన తలంపు పుట్టదు. ఉన్న తలంపు బయటికి వచ్చి భారము తగ్గును. నోట రాని మాటను మొదట మనము పలుకుటచేత, దీనిని గూర్చి మాటలాడవచ్చునని వానికి తెలియును.

వాడు అవునని తల యూపెననుకొందము. అప్పుడు ఉపాధ్యాయుడు చేయవలసినవి నాలుగు. మొదటిది, వానిని ఒంటరిగా విడువరాదు. రెండవది, ఎవ్వరికిని చెప్పనని మాట యీయరాదు. నీ ప్రాణము దక్కించుటకు ఎవరికి చెప్పవలెనో వారికి మాత్రమే చెప్పెదనని నిజము చెప్పవలెను. మూడవది, ప్రధానోపాధ్యాయునకును ఇంటి పెద్దలకును తెలియజేసి, ఇంట పురుగుమందులు, మాత్రలు మున్నగు ప్రాణాపాయకర వస్తువులను తాళము వేసి యుంచుడని చెప్పవలెను. గడియ గండమును దాటించుటలో ఈ తాళము చేయు మేలు ఇంతంత గాదు. నాలుగవది, వైద్యునియొద్దకు చేర్చవలెను. 2022లో జగిత్యాలయందును, 2023లో సిరిసిల్లయందును ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి. పూర్వమువలె హైదరాబాదుకు పరుగెత్తనక్కఱ లేదు. రాత్రివేళ నైనను, ఆసుపత్రి దూరమైనను 14416 అను సంఖ్యకు టెలిఫోను చేయవచ్చును. ఇది కేంద్రప్రభుత్వము 2022 అక్టోబరు 10వ తేదీన ప్రారంభించిన టెలీ మానస్ సేవ. రుసుము లేదు, రాత్రింబవళ్లు తెలుగున మాటలాడుదురు. ఇంట హింసకు గుఱియగు పిల్లల కొఱకు 1098 గలదు. ఈ రెండు సంఖ్యలను ఎక్కములవలె ప్రతి పిల్లవానికి కంఠస్థము చేయింపవలెనని మా మనవి.

ఇంతవఱకు ఉపాధ్యాయుడు చేయగలిగినది చెప్పితిమి. అతనివలన కానిదానినిగూడ చెప్పుట న్యాయము. ఐరోపాఖండమున పది దేశములలో 168 పాఠశాలలయందు 11,110 మంది విద్యార్థులతో ఒక పెద్ద పరిశోధన జరిపి, దాని ఫలితములను 2015లో లాన్సెట్ అను వైద్యపత్రికయందు ప్రకటించిరి. కొన్ని పాఠశాలలలో ఉపాధ్యాయులకు మాత్రము ఆపద గుర్తులు కనిపెట్టుట నేర్పిరి. మఱికొన్నింట పిల్లలనే కూర్చుండబెట్టి, మనసు కలతపడినపుడు ఏమి చేయవలెను, స్నేహితుడు ఆపదలో నున్న ఎవరికి చెప్పవలెనను విషయములను చర్చలద్వారమునను చిన్ననాటికలద్వారమునను నేర్పిరి. ఏడాది పిమ్మట చూడగా, పిల్లలకే నేర్పిన చోట ఆత్మహత్యాయత్నములు సగమునకు పైగా తగ్గెను. ఉపాధ్యాయులకు మాత్రము నేర్పిన చోట చెప్పుకోదగిన భేదము కనబడలేదు. మన దేశమున బీహారు రాష్ట్రపు నలందా జిల్లాలో 74 ఉన్నత పాఠశాలలతో జరిగిన పరిశోధన 2018లో అదే పత్రికయందు వెలువడెను. బడిలో ప్రత్యేకముగా నియమింపబడిన సలహాదారు పనిచేసిన చోట బడి వాతావరణము మెఱుగై, పిల్లల దిగులు తగ్గెను; అదే పనిని ఉపాధ్యాయునకే అప్పగించిన చోట ఫలితము కనబడలేదు.

ఇది ఉపాధ్యాయులను కించపఱచుట కొఱకు చెప్పుట లేదు. దీనికి హేతువు మాకు ఇట్లు తోచుచున్నది. మార్కులు వేయు చేతికి పిల్లవాడు తన కన్నీరు చూపుటకు జంకును. ఉపాధ్యాయునకును పాఠములు, పరీక్షలు, జనాభాలెక్కలు, ఎన్నికల పనులు నెత్తిమీద నున్నవి. కావున బడిలో మార్కులతో సంబంధము లేని వ్యక్తి యొకడు పిల్లల మాట వినుటకు ఉండవలెను. పిల్లలు ఒకరినొకరు కాచుకొనుట నేర్వవలెను. ఉపాధ్యాయుడు ఆ యిద్దఱికిని నడుమ వారధిగా నుండవలెను. తానొక్కడే వైద్యుడును, తండ్రియు, దేవుడును కాబూనుట అతనికిని శ్రేయస్కరము కాదు, పిల్లవానికిని కాదు. కనిపెట్టుట, అడుగుట, తగినవారికి అప్పగించుట, అప్పగించిన పిదప మఱువక మరల పలుకరించుట, ఇంతియే అతని ధర్మము.

చట్టమును ఈ మార్గముననే నడచుచున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ విభాగము పిల్లలను కొట్టుటనేకాక మానసికముగ వేధించుటను గూడ నిషేధించినది. విశాఖపట్నమున చదువుచుండి మరణించిన యొక విద్యార్థినికి సంబంధించిన వ్యాజ్యమున 2025 జులై 25వ తేదీన సుప్రీంకోర్టు దేశమంతటికిని పదునైదు నిబంధనలు విధించెను. నూఱుగురు, అంతకు పైబడి విద్యార్థులున్న సంస్థ కనీసము ఒక శిక్షితుడగు సలహాదారుని నియమింపవలెననియు, సిబ్బందికి ఏడాదికి రెండు మాఱులైన ఈ విషయమున శిక్షణ మీయవలెననియు, మార్కులనుబట్టి పిల్లలను తరగతులుగ వేఱుచేయుట, నలుగురిలో సిగ్గుపఱచుట మానవలెననియు, సహాయ టెలిఫోను సంఖ్యలను తరగతులలోను వసతిగృహములలోను కనబడునట్లు వ్రాయవలెననియు అందు గలదు. మన పిల్లలను చేర్చు కళాశాలలలో ఇవి యున్నవా యని రుసుము చెల్లించుటకు ముందు అడుగు హక్కు మనకు గలదు. ర్యాంకులెన్ని యని అడుగుచున్నాము. సలహాదారు ఎవరని అడుగుట లేదు.

కొందఱు మిత్రులు ఇట్లందురు: ఇంత మెత్తగా నుండిన పిల్లలు చదువుదురా, భయము లేనిదే విద్య వచ్చునా యని. మేము క్రమశిక్షణకు విరోధులము గాము. పాఠము అప్పగింపనివానిచే మరల చదివింపవలసినదే. పని యెగ్గొట్టినవానిచే పని చేయింపవలసినదే. కాని పని విషయమున పట్టుదల వేఱు, మనిషిని నీచపఱచుట వేఱు. మన నేతవారికి ఇది చెప్పనక్కఱలేదు. పోగు తెగినపుడు సాంచె నాపి, పోగు వెదకి, ముడివైచి మరల నడిపింతుము. తెగిన పోగును చూచి బట్టనంతయు చించువాడు నేతగాడు కాడు. తప్పు దిద్దుటలో మనకు చేతులయందున్న ఓర్పు నాలుకయందును ఉండిన చాలును.

ఇక సంఘము చేయవలసిన పనిని గూర్చి పోషకమహాశయులకు మనవి చేయుచున్నాము. ఏటేట మన సంఘము మంచి మార్కులు తెచ్చుకొన్న పిల్లలకు బహుమానములిచ్చి, శాలువలు కప్పి, ఇట్టి సంచికలలో వారి చిత్రపటములు ముద్రించుచున్నది. ఇది మానవలెనని మేమనము. కాని ఆ సభలో వెనుక వరుసలలో తప్పిన పిల్లలును తల్లులప్రక్కన కూర్చుండి చూచుచుందురు. వారికొఱకు సంఘమున ఒక్క కార్యక్రమమైన లేకుండుట చూచి, తాము కులమునకు పనికిరానివారమని వారు తలచిన తప్పు వారిది కాదు.

కావున మేము కోరునది నాలుగు. ఒకటి: ఫలితములు వెలువడు దినమున మూడు పట్టణములలోను సంఘభవనములు తెఱచియుంచి, విశ్రాంత ఉపాధ్యాయులు, కళాశాల విద్యార్థులు కలసి, తప్పిన ప్రతి పిల్లవాని యింటికి ఆ సాయంత్రము లోపలనే వెళ్లవలెను, దూరమైనచో టెలిఫోనులో మాటలాడవలెను. వేసవిలోనే అనుబంధ పరీక్ష గలదనియు, ఉత్తీర్ణుడైన ఏడాది పోదనియు ఆ దినముననే చెప్పవలెను. రెండు: అనుబంధ పరీక్షకు రుసుమును, నెలదినముల ఉచిత బోధనమును సంఘము భరింపవలెను. బహుమానముల ద్రవ్యములో కొంత భాగము దీనికి కేటాయించిన చాలును. మూడు: గల్ఫు దేశములలోనున్న తండ్రులకు, ఫలితములు వచ్చిన దినమున బిడ్డతో మాటలాడునపుడు మార్కులడుగుటకు ముందు అన్నము తింటివా యని యడుగుడని సంఘము పక్షమున వార్త పంపవలెను. మాట చిన్నది, ఆ దినమున దాని బరువు పెద్దది. నాలుగు: మన సంఘపు వసతిగృహములలో గాని, మన వారు నడుపు పాఠశాలలలో గాని ప్రతి పిల్లవాడు తనకు నమ్మకమైన పెద్దవారి పేరొకటి చెప్పగలిగియుండవలెను. ఏడాదికి రెండుమాఱులు పిల్లలను, నీకు కష్టము వచ్చిన ఈ బడిలో ఎవరికి చెప్పెదవని యడిగి వ్రాయించి చూడుడు. ఎవ్వరి పేరును వ్రాయని పిల్లవాడెవడో వానియొద్దకే మొదట పోవలెను.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లిదండ్రులను గూర్చి ఒక్క మాట చెప్పి ముగింతుము. ఇట్టి మరణమును మహాపాతకముగ నిందించు వాక్యములు మన ధర్మశాస్త్రములలో గలవని కొందఱు ఆ యింటివారిని దూరముగ నుంచుచున్నారు. వారి యాడుబిడ్డలకు సంబంధములు తప్పించుచున్నారు. బ్రదికియున్నవానిని ఆపుటకై చెప్పిన మాటను, కడుపుకోతతో నున్న తల్లిని పొడుచుటకు వాడుట శాస్త్రార్థము కాదు. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, ప్రాణము తీసికొన యత్నించినవాడు తీవ్రమగు మానసిక ఒత్తిడిలో నుండెనని భావింపవలెనని చెప్పుచున్నది. వానికి చికిత్స, సంరక్షణ మిచ్చుట ప్రభుత్వము విధి యనియు చెప్పుచున్నది. చట్టమునకున్న దయ కులమునకు లేకుండునా? ఆ యింటికి పోవుడు. ఎట్లు జరిగినదని గ్రుచ్చి యడుగకుడు. ఎవరివలన జరిగినదని తీర్పు చెప్పకుడు. పదునాలుగవ దినము తరువాతను, సంవత్సరీకము తరువాతను పోవుచుండుడు. బడిలో వాని తోడి పిల్లలకు సంగతి నెమ్మదిగా, వర్ణనలు లేకుండ చెప్పి, మీకును మనసు బాగుండకున్న మాతో చెప్పుడని పిలువవలెను. ఒక బిడ్డ పోయినచోట మఱియొక బిడ్డ కలతపడుట గలదు గనుక.

సోదరులారా! మార్కండేయుడు పట్టుకొనుటకు చేతికందిన దూరమున శివలింగముండెను, అందువలన బ్రదికెను. మన పిల్లలకు చేతికందిన దూరమున ఏమున్నదని మనలను మనము ప్రశ్నించుకొనవలెను. ఒక పంతులు, ఒక మేనమామ, ఒక స్నేహితుడు, గోడపై వ్రాసిన టెలిఫోను సంఖ్య యొకటి, ఫలితముల సాయంత్రమున తలుపు తట్టు సంఘసభ్యుడొకడు: ఇవి యున్నచో వాడు పట్టుకొనును. మృకండునివలె మేధనో ఆయుస్సునో కోరుకొనుమని మనల నెవ్వరును నిర్బంధించుట లేదు. ముందు బిడ్డ ఉండవలెను. విద్య వెనుక వచ్చును, కొంత ఆలస్యముగ నైనను వచ్చును.

మేము కోరిన నాలుగింటిని ఈ మహాసభ తీర్మానముగా స్వీకరింపవలెనని ప్రార్థించుచు విరమించుచున్నాము.